జ్ఞాపక కణాల్లో దాగిన వైరస్

ఈ సభ డాక్టర్ సునీతి సోలమన్ స్మృతికి అంకితం.

సునీతి సోలమన్ పేరు వినగానే మన వైద్యరంగానికి గుర్తొచ్చేది 1986. ఎయిడ్స్ పాశ్చాత్య దేశాల జబ్బు, మన దరిదాపులకు రాదు అన్న ధీమా దేశమంతటా ఉన్న రోజులవి. మద్రాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తున్న ఆమె ఆ ధీమాను పరీక్షకు పెట్టాలనుకున్నారు. ఆమె వద్ద చదువుకుంటున్న డాక్టర్ సెల్లప్పన్ నిర్మల నగరంలోని సెక్స్ వర్కర్ల నుంచి రక్త నమూనాలు సేకరించారు. పరీక్షించే సౌకర్యం మద్రాసులో లేదు. వేరుచేసిన సీరమ్‌ను నిర్మల తన ఇంటి ఫ్రిజ్‌లోనే భద్రపరిచారు. ఫిబ్రవరిలో ఆ సీసాలను ఐస్ పెట్టెలో సర్ది, భర్తతో కలిసి రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి, అక్కడి నుంచి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చేర్చారు. పరీక్షలో ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందనడానికి అదే తొలి రుజువు.

ఆ పసుపు రంగు చూపింది వైరస్‌ను కాదు. వైరస్‌ మీద ఆ స్త్రీల శరీరాలు తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను. అంటే ఆ శరీరాలు శత్రువును గుర్తుపట్టాయి, ఆయుధాలు కూడా సిద్ధం చేసుకున్నాయి. అయినా వైరస్ పోలేదు. తట్టు వస్తే వారం పది రోజుల్లో వైరస్‌ను వెళ్లగొట్టగల వ్యవస్థ హెచ్‌ఐవీని గుర్తుపట్టి కూడా ఎందుకు వదిలించుకోలేకపోతోంది? ఇప్పటి మందులు రక్తంలో వైరస్‌ జాడ లేకుండా చేస్తున్నాయి. అటువంటప్పుడు కూడా మిగిలినదాన్ని ఆ వ్యవస్థ ఎందుకు ఊడ్చేయలేకపోతోంది? ఈ ప్రశ్నే నేటి ఉపన్యాసానికి విషయం.

నా ప్రతిపాదన ఇది. హెచ్‌ఐవీ జీవితాంతం నిలిచిపోవడానికి రోగనిరోధక వ్యవస్థ బలహీనత ఒక్కటే కారణం కాదు. ఆ వ్యవస్థకున్న అత్యంత విలువైన గుణం జ్ఞాపకం. ఆ జ్ఞాపకాన్ని మోసే కణాల్లోనే వైరస్ కాపురం పెట్టింది. మనల్ని దశాబ్దాల పాటు కాపాడే ఏర్పాటే దాన్నీ దశాబ్దాల పాటు కాపాడుతోంది. ఈ సంగతి అర్థమైతే ఇంతవరకు జరిగిన ప్రయత్నాలు ఎందుకు ఫలించలేదో, ఇకముందు ఆశ ఎక్కడుందో తెలుస్తుంది.

శరీరానికి జ్ఞాపకం ఉందన్న ఎరుక మనిషికి కొత్తది కాదు. క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దంలో ఏథెన్సును మహమ్మారి కబళించినప్పుడు, ఒకసారి జబ్బుపడి లేచినవారికి అది మళ్లీ ప్రాణాంతకంగా సోకలేదని థ్యూసిడైడిస్ రాసిపెట్టాడు. ఒకసారి అమ్మవారు పోసినవారికి మళ్లీ పోయదన్న మాట మన పల్లెల్లోనూ తరతరాలుగా ఉంది. దీనికి శాస్త్రీయమైన సాక్ష్యం 1846లో దొరికింది. ఆ ఏడాది డెన్మార్క్ ఏలుబడిలోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగి, సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మంది దాకా మంచం పట్టారు. పరిశీలనకు వెళ్లిన యువ వైద్యుడు పీటర్ పానుమ్ ఒక విశేషం గమనించాడు. ఆ దీవులకు అంతకుముందు తట్టు వచ్చింది 1781లో. అప్పట్లో జబ్బుపడిన వృద్ధులలో ఒక్కరికీ ఈసారి రాలేదు. అప్పుడు తప్పించుకున్న వృద్ధులకు మాత్రం వచ్చింది. మధ్యలో 65 ఏళ్లు గడిచినా శరీరం మరవలేదు.

ఇంత సుదీర్ఘమైన జ్ఞాపకం కణాల పని. కొత్త క్రిమి చొరబడగానే దాన్ని గుర్తించగల టీ కణాలనే తెల్ల రక్తకణాలు విపరీతంగా విభజన చెంది పోరాడతాయి. పోరు ముగిశాక వాటిలో అత్యధిక భాగం చనిపోతాయి. కొన్ని మాత్రం మిగిలి, పని మానుకుని, విశ్రాంతి స్థితిలోకి వెళతాయి. ఇవే జ్ఞాపక కణాలు. అవి తక్కువ శక్తితో బతుకుతాయి, చాలా జన్యువులను మూసి ఉంచుకుంటాయి, అప్పుడప్పుడు విభజన చెంది తమ సంఖ్యను నిలుపుకుంటాయి. పాత శత్రువు మళ్లీ కనిపిస్తే క్షణాల మీద మేలుకుంటాయి. టీకాలు కూడా శరీరపు ఇటువంటి జ్ఞాపకం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇక రెండో సంగతి, చంపే టీ కణం శత్రువును ఎలా చూస్తుందన్నది. 1970 దశకంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీన్ని తేల్చాయి. సీడీ8 కణాలనే ఈ చంపే కణాలు వైరస్‌ను నేరుగా చూడలేవు. సోకిన కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కలను ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది. ఆ ముక్కను, దాన్ని పట్టుకుని ఉన్న సొంత శరీరపు గుర్తును కలిపి చూసినప్పుడే సీడీ8 కణం దాడి చేస్తుంది. ఈ ఆవిష్కరణకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనిలో ఒక చిక్కు ఇమిడి ఉంది. లోపల వైరస్ ప్రొటీన్ తయారుకాకపోతే బయట ప్రదర్శించడానికి ముక్క ఉండదు. ముక్క లేకపోతే ఎంత సమర్థమైన సీడీ8 కణానికైనా అది ఆరోగ్యకరమైన కణంలాగే కనిపిస్తుంది.

మూడో సంగతి వైరస్ స్వభావానికి చెందినది. కొన్ని ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు తమ జన్యుపదార్థాన్ని డీఎన్‌ఏగా మార్చి కణపు డీఎన్‌ఏలో కలిపేస్తాయని 1964లో హోవర్డ్ టెమిన్ ప్రతిపాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. సమాచారం డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకే ప్రవహిస్తుందన్నది అప్పటి సిద్ధాంతం. 1970లో టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా ఆ పని చేసే ఎంజైమును చూపడంతో వాదన ముగిసింది. 1983లో పారిస్ పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంటన్యే బృందం హెచ్‌ఐవీని కనుగొన్నది కూడా ఈ ఎంజైము జాడ పట్టుకునే. అలా కణపు డీఎన్‌ఏలో అతుక్కున్న వైరస్ ప్రతిని ప్రొవైరస్ అంటాం. మూడు వందల కోట్ల అక్షరాల మానవ జన్యుపాఠంలో అది దాదాపు 9,700 అక్షరాల చేర్పు. ఒకసారి చేరాక కణం ఉన్నంతకాలం ఉంటుంది.

ఈ మూడింటినీ కలిపి చూద్దాం. హెచ్‌ఐవీ ప్రధానంగా సోకేది మిగతా రక్షణ కణాలకు సాయపడే సీడీ4 టీ కణాలకు, అందులోనూ క్రిమితో పోరులో ఉండి చురుకుగా పనిచేస్తున్నవాటికి. సోకిన కణాల్లో ఎక్కువ భాగం త్వరగా నశిస్తాయి. కొద్ది కణాలు మాత్రం పోరు ముగించి విశ్రాంతిలోకి జారుకునే దశలో వైరస్‌ను మోస్తూ జ్ఞాపక కణాలైపోతాయి. విశ్రాంతి కణంలో ఎన్‌ఎఫ్-కాపా-బి వంటి ప్రేరక ప్రొటీన్లు కేంద్రకంలోకి వెళ్లవు. అవి లేకపోతే ప్రొవైరస్‌ను చదివే యంత్రాంగం కదలదు. వైరస్ నివురుగప్పిన నిప్పులా మిగులుతుంది. మందులు దాన్ని తాకలేవు. మన మందులన్నీ వైరస్ కొత్త కణంలోకి చొరబడకుండా, డీఎన్‌ఏగా మారకుండా, అతుక్కోకుండా, పరిపక్వం కాకుండా అడ్డుకునేవే. అతుక్కుని మౌనంగా ఉన్నదాన్ని తొలగించే మందు వాటిలో లేదు. సీడీ8 కణాలకు అది కనపడదు. ప్రతిరక్షకాలకు అందదు.

ఈ నిజం బయటపడిన తీరు వైద్యచరిత్రలో ఒక గుణపాఠం. 1996 జులైలో వాంకూవర్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో మూడు మందుల కలయిక ఫలితాలు వెల్లడయ్యాయి. మృత్యుముఖంలో ఉన్నవారు మంచం దిగి నడిచారు. రక్తంలో వైరస్ తగ్గుతున్న వేగాన్ని గణితంతో అంచనా వేసిన శాస్త్రజ్ఞులు, రెండు మూడేళ్లు క్రమం తప్పకుండా వాడితే వైరస్ పూర్తిగా పోవచ్చని భావించారు. ఆ లెక్క తనకు తెలిసిన కణాల విషయంలో సరైనదే. తెలియని కణాల సంగతి 1997లో బయటపడింది. బాల్టిమోర్‌లో రాబర్ట్ సిలిసియానో, శాండియాగోలో డగ్లస్ రిచ్‌మన్, బెథెస్డాలో ఆంథొనీ ఫౌచీ బృందాలు విడివిడిగా ఒకే పని చేశాయి. ఎంతోకాలంగా మందులు వాడుతూ రక్తంలో వైరస్ కనపడనివారి నుంచి విశ్రాంతి సీడీ4 కణాలను వేరుచేసి, ప్రయోగశాలలో వాటిని మేల్కొలిపాయి. సజీవమైన, సోకగల వైరస్ బయటికి వచ్చింది. అటువంటి కణాలు పది లక్షల విశ్రాంతి కణాల్లో ఒకటి మాత్రమే ఉండవచ్చు. కానీ మందు ఆపితే సాధారణంగా కొద్ది వారాల్లోనే రక్తం నిండా వైరస్ తిరిగి రావడానికి ఆ కాస్త చాలు.

2003లో సిలిసియానో బృందం ఆ నిల్వ సగానికి తగ్గడానికి సగటున 44 నెలలు పడుతుందని లెక్కగట్టింది. పది లక్షల కణాల నిల్వ మందులతో దానంతట అది అంతరించాలంటే 73 ఏళ్లకు పైగా కావాలి. పానుమ్ చూసిన 65 ఏళ్ల జ్ఞాపకాన్ని ఈ 73 ఏళ్ల పక్కన పెట్టి చూడండి. జబ్బులు వేరు, శతాబ్దాలు వేరు. కానీ రెండు చోట్లా పనిచేస్తున్నది జ్ఞాపక కణాల దీర్ఘాయువే.

కనపడకపోవడమే ఏకైక అడ్డంకి అయితే మార్గం సులువుగానే దొరికేది. అడ్డంకులు ఇంకా ఉన్నాయి. వైరస్ తన రూపాన్ని మార్చుకుంటూ సీడీ8 కణాల గుర్తింపు నుంచి తప్పించుకుంటుంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, వ్యాధి దీర్ఘకాలిక దశకు చేరాక చికిత్స మొదలుపెట్టినవారిలో నిద్రాణంగా ఉన్న వైరస్‌లలో 98 శాతానికి పైగా ఇలా తప్పించుకునే మార్పులను అప్పటికే మోస్తున్నాయి. అంటే కణం మేల్కొని వైరస్ ముక్కను ప్రదర్శించినా, అది సీడీ8 కణాలు నేర్చుకున్న పాత ముఖం కాదు. పైగా నెఫ్ అనే వైరస్ ప్రొటీన్ ఆ ప్రదర్శన ఏర్పాటునే కణపు ఉపరితలం నుంచి లాగేస్తుంది.

మరొకటి అలసట. ఏళ్ల తరబడి శత్రువు ఎదుటే నిలిచిన సీడీ8 కణాలు క్రమంగా సత్తువ కోల్పోతాయి. వాటి మీద పీడీ-1 వంటి నిరోధక గుర్తులు పేరుకుంటాయని 2006లో తేలింది. మందులతో వైరస్ తగ్గినా ఆ కణాలకు పూర్వపు చురుకుదనం మొత్తంగా తిరిగి రాదు. ఇక చోటు విషయానికొస్తే, లింఫ్ గ్రంథుల్లో ప్రతిరక్షకాలను తయారుచేసే బీ కణాలు గుమిగూడే పుటికల్లోకి సీడీ8 కణాలు సాధారణంగా అడుగుపెట్టవు. ప్రతిరక్షకాల తయారీకి సాయపడే సీడీ4 కణాలు ఉండేది అక్కడే. వైరస్‌ను సొంతంగా అదుపు చేయగల కోతుల్లో సైతం ఆ పుటికల్లో వైరస్ ఉత్పత్తి సాగుతూనే ఉందని 2015లో లూయిస్ పికర్ బృందం చూపింది. శరీరం తన ప్రతిరక్షకాల కార్ఖానాను తన సైనికుల నుంచే కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు వైరస్‌కూ ఉపయోగపడింది.

వీటన్నిటికంటే కలవరపెట్టేది 2014లో రుజువైన సంగతి. వైరస్ మోస్తున్న జ్ఞాపక కణం విభజన చెందినప్పుడు ప్రొవైరస్ కూడా దానితోపాటు రెండవుతుంది. కొత్తగా ఏ కణానికీ సోకనక్కర్లేదు, ఒక్క ప్రొటీన్ కూడా తయారుకానక్కర్లేదు. మామూలు జలుబు చేసినా, ఒంట్లో ఎప్పటినుంచో ఉన్న మరో వైరస్ కదిలినా, దాన్ని గుర్తుంచుకున్న కణాలు పెరుగుతాయి, వాటితో హెచ్‌ఐవీ ప్రతులూ పెరుగుతాయి. 44 నెలల అర్ధాయువు అంటే ఆ కణాలు కదలక పడి ఉన్నాయని కాదు. కొన్ని చస్తుంటే కొన్ని పుడుతున్నాయి. ఇక ప్రొవైరస్‌లలో 90 శాతానికి పైగా లోపాలున్నవి, తిరిగి వైరస్‌ను పుట్టించలేనివి. కానీ వాటిలో కొన్ని ప్రొటీన్ ముక్కలు తయారుచేసి సీడీ8 కణాల దాడిని తమవైపు మళ్లిస్తాయి. అసలు ప్రమాదకరమైనవి మౌనంగా ఉండిపోతాయి.

ఈ నేపథ్యంలో జరిగిన చికిత్సా ప్రయత్నాలను చూద్దాం. నిద్రపోతున్న వైరస్‌ను లేపితే రోగనిరోధక వ్యవస్థ చూసి చంపుతుందన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 2012లో నార్త్ కరోలైనాలో డేవిడ్ మార్గోలిస్ బృందం వోరినోస్టాట్ అనే క్యాన్సర్ మందుతో ఆ పని ప్రారంభించింది. కణాల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ పెరిగింది, నిల్వ మాత్రం తగ్గలేదు. అదే ఏడాది ప్రయోగశాలలో మరో విషయం తెలిసింది. మేల్కొన్న కణం తనంతట తాను చావదు. దాన్ని చంపాల్సిన సీడీ8 కణాలను ముందుగా ప్రేరేపించాలి. ఈ రెండింటినీ కలిపి, టీకాతో సీడీ8 కణాలను సిద్ధం చేసి, వోరినోస్టాట్‌తో వైరస్‌ను లేపే రివర్ అధ్యయనం బ్రిటన్‌లో 60 మంది మీద జరిగింది. 2020లో ప్రచురితమైన ఫలితంలో మామూలు చికిత్సకు, దీనికి తేడా కనపడలేదు. లేపడం చాలినంతగా జరగలేదు, చంపడమూ జరగలేదు.

2010లో అమెరికాలోని మిస్సిసిపీలో పుట్టిన ఒక బిడ్డ ఉదంతం ఇంకో పాఠం. తల్లికి హెచ్‌ఐవీ ఉందని ప్రసవ సమయంలోనే తెలిసింది. పుట్టిన 30 గంటల్లోనే బిడ్డకు చికిత్స మొదలైంది. ఏడాదిన్నర వయసులో కుటుంబం ఆసుపత్రికి రావడం మానేసింది, మందులు ఆగాయి. కొన్ని నెలల తర్వాత తిరిగి వచ్చినప్పుడు వైద్యులు వైరస్ విజృంభించి ఉంటుందనుకున్నారు. మామూలు పరీక్షలకు వైరస్ దొరకలేదు. ప్రపంచం ఆ బిడ్డను చూసి ఆశపడింది. మందులు ఆగిన 27 నెలలకు, 2014లో, వైరస్ తిరిగి వచ్చింది. నవజాత శిశువులో జ్ఞాపక కణాలు చాలా తక్కువ. ఆ తక్కువలో, చికిత్స అంత త్వరగా మొదలైనా, వైరస్‌కు చోటు దొరికింది.

మరి నయమైనవారు లేరా? ఉన్నారు. తిమొతీ రే బ్రౌన్‌కు రక్త క్యాన్సర్ కోసం బెర్లిన్‌లో 2007, 2008లలో మూలకణ మార్పిడి జరిగింది. వైరస్ ప్రవేశానికి అవసరమైన సీసీఆర్5 ద్వారం పుట్టుకతోనే లేని దాతను డాక్టర్ గెరో హ్యూటర్ వెతికి ఎంచారు. వైరస్ తిరిగి రాలేదు. 2020లో క్యాన్సర్ తిరగబెట్టి ఆయన కన్నుమూసేవరకు హెచ్‌ఐవీ లేకుండానే జీవించారు. తర్వాత లండన్‌లో, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఇటువంటి ఫలితాలే వచ్చాయి. కానీ అక్కడ జరిగిందేమిటో గమనించాలి. దాత కణాలు రోగి పాత రోగనిరోధక వ్యవస్థను దాదాపు మొత్తంగా తుడిచిపెట్టి దాని స్థానంలో స్థిరపడ్డాయి. వైరస్‌ను వదిలించుకోవడానికి మనిషి తన రోగనిరోధక జ్ఞాపకాన్నంతా వదులుకోవలసి వచ్చింది. ప్రాణాపాయం ఉన్న ఈ ప్రక్రియ క్యాన్సర్ లేనివారికి చేయదగినది కాదు.

ఆశకు మరింత బలమైన ఆధారం మందుల్లేకుండానే వైరస్‌ను అదుపులో పెట్టుకునే కొద్దిమంది దగ్గర దొరికింది. వీరు మొత్తం బాధితుల్లో ఒక శాతానికి మించరు. 2020లో బోస్టన్‌కు చెందిన శాస్త్రజ్ఞులు ఇటువంటి 64 మంది కణాల్లో ప్రొవైరస్‌లు జన్యుపాఠంలో ఎక్కడెక్కడ ఉన్నాయో పరిశీలించారు. వాటిలో గణనీయమైన భాగం జన్యువులే లేని బీడు ప్రాంతాల్లో, అరుదుగా చదవబడే చోట్ల కనిపించాయి. వైరస్ అక్కడే కోరి దిగిందని కాదు. చురుకైన చోట్ల దిగినవాటిని ఏళ్ల తరబడి సీడీ8 కణాలు ఏరివేయగా మిగిలినవి అవి అని భావిస్తున్నారు. అంటే రోగనిరోధక వ్యవస్థకు ఈ పని అసాధ్యం కాదు. కాలం చాలితే, సత్తువ నిలిస్తే, గుర్తుపట్టగల ముఖం దొరికితే అది నిల్వను జల్లెడ పట్టగలదు. అందుకే నేటి పరిశోధన సంపూర్ణ నిర్మూలనతో పాటు, మందుల్లేని శాశ్వత అదుపును కూడా లక్ష్యంగా పెట్టుకుంది.

ఈ శాస్త్రంలో మన వాటా గురించి కూడా చెప్పుకోవాలి. పైన చెప్పిన అధ్యయనాల్లో అధిక భాగం అమెరికా, ఐరోపాలలో వ్యాపించిన బి ఉపరకం మీద జరిగినవి. భారతదేశంలో, దక్షిణాఫ్రికాలో ప్రబలినది సి ఉపరకం. ప్రపంచంలోని కేసుల్లో దాదాపు సగం దానివే. వైరస్‌ను మేల్కొలిపే ఎన్‌ఎఫ్-కాపా-బి ప్రొటీన్ వచ్చి కూర్చునే స్థానాలు బి ఉపరకంలో సాధారణంగా రెండుంటే సి ఉపరకంలో మూడుంటాయి. నాలుగు స్థానాలున్న రకాలు భారతదేశంలో తలెత్తుతున్నాయని బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో ఉదయకుమార్ రంగా బృందం 2012లో చూపింది. నిద్రకు, మెలకువకు మధ్యనున్న మీట మన వైరస్‌లో వేరుగా ఉన్నప్పుడు, అక్కడ తయారైన చికిత్స ఇక్కడ అదే తీరున పనిచేస్తుందని ముందే అనుకోవడానికి వీల్లేదు. దేశంలో 25 లక్షలకు పైగా ప్రజలు హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వారి కణాల మీద, వారి అంగీకారంతో, వారి క్షేమం ముందుంచుకుని పరిశోధన జరగాలి. మన విశ్వవిద్యాలయాల్లోని యువ శాస్త్రజ్ఞులకు ఇక్కడ చేయవలసిన పని చాలా ఉంది.

నయంచేసే మార్గం దొరికేదాకా నిద్రాణ వైరస్‌కు ఎదురు నిలిచేది క్రమం తప్పకుండా వాడే మందులే. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత చికిత్స ప్రారంభించింది. ప్రపంచంలోని పేద దేశాలకు ఈ మందులు అందడంలో హైదరాబాద్ కంపెనీల పాత్ర గణనీయమైనది. 2017లో మన పార్లమెంటు చేసిన చట్టం హెచ్‌ఐవీ ఉన్నవారి పట్ల వివక్షను నిషేధించింది, వీలైనంతమేరకు చికిత్స అందించే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. అయితే మందులు అందుబాటులో ఉంటే చాలదు, ఆపకుండా వాడాలి. విరామాలతో వాడితే సరిపోతుందేమో చూడటానికి 5,000 మందికి పైగా పాల్గొన్న స్మార్ట్ అధ్యయనాన్ని 2006లో అర్ధంతరంగా ఆపవలసి వచ్చింది. విరామం ఇచ్చినవారిలో మరణాలు, తీవ్ర అనారోగ్యాలు ఎక్కువయ్యాయి. 2025 ఆరంభంలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు ఆఫ్రికాలో ఎన్నో చోట్ల హెచ్‌ఐవీ సేవలు కుంటుపడ్డాయి. నిధుల కాగితం మీద సంతకం ఆలస్యమైతే దాని ఫలితం కొద్ది వారాల్లోనే రోగి రక్తంలో కనిపిస్తుంది. జ్ఞాపక కణాల్లోని వైరస్ గడువులు ఇవ్వదు. అందుచేత మందుల సరఫరా ఆగకుండా చూడటం కేవలం పరిపాలనా వ్యవహారం కాదు, చికిత్సలో భాగం.

రోగనిరోధక వ్యవస్థ హెచ్‌ఐవీ ముందు ఓడిపోయిందన్న తీర్పు తొందరపాటు. కనపడనిదాన్ని చంపమని, అలసిపోయిన కణాలతో, మారిపోయిన ముఖాలను గుర్తుపట్టమని మనం దాన్ని అడుగుతున్నాం. దానికి కావలసింది కనిపించే లక్ష్యం, తిరిగి వచ్చిన సత్తువ, చాలినంత కాలం. మొదటి రెండింటినీ సమకూర్చవలసింది శాస్త్రజ్ఞులు. మూడోది, అంటే ఆ రోజు వచ్చేదాకా రోగులు ఆరోగ్యంగా, గౌరవంగా బతికి ఉండే కాలాన్ని, సమాజం సమకూర్చాలి.